15,000లో మొదటి అకౌస్టిక్ గిటార్: గ్లాసీయా, మ్యాటా, సన్‌బర్స్టా, నలుపా?

బ్రోడీపేట అడిగారు:

అందరికీ నమస్కారం. ఇంటర్ చదువుతున్న మా చెల్లికి మొదటి గిటార్ కొనాలి. బ్యాగు, ట్యూనర్ అన్నీ కలిపి 15,000 దాటకూడదు. ఉండేది గుంటూరు, కొనేది విజయవాడలో. చూసినవాటిలో నాలుగు మిగిలాయి.

ఒకటి యమహా ఎఫ్310, నేచురల్ రంగు, నిగనిగలాడే గ్లాసీ. రెండోది అదే మోడల్, టొబాకో సన్‌బర్స్ట్ (మధ్యలో లేత రంగు, అంచులకి ముదురు). మూడోది కోర్ట్ ఏడీ810 ఓపెన్ పోర్, ముట్టుకుంటే పచ్చి చెక్కని తాకినట్టే ఉంది. నాలుగోది అదే కోర్ట్‌లో నల్ల శాటిన్, అంటే మెరవని మ్యాట్ రకం. చెల్లి కళ్లు నలుపు మీదే ఉన్నాయి.

అడగాల్సినవి ఇవి. మ్యాట్ ఫినిష్ అయితే సౌండ్ బాగా వస్తుంది, గ్లాసీ సౌండ్‌ని నొక్కేస్తుంది అంటున్నారు, ఎంతవరకు నిజం? మన ఎండకీ చెమటకీ ఏ ఫినిష్ నిలుస్తుంది? రంగు వేసేసిన గిటార్‌లో లోపలి చెక్క ఎలాంటిదో కనుక్కునే దారి ఉందా?

---

చెక్కపని జవాబు:

మూడో ప్రశ్నతో మొదలుపెడతానండీ, మిగతా రెండింటికీ దారి అక్కడే ఉంది.

మీరు రాసిన నాలుగింటికీ టాప్ (తీగల కింద ఉండే ముందు పలక) లామినేటే. అంటే ప్లైవుడ్‌లా పలచటి పొరలు ఒకదాని మీద ఒకటి అంటించినది. కంపెనీ స్పెసిఫికేషన్‌లో ‘సాలిడ్ స్ప్రూస్’ అని రాస్తే ఒకే పలక (స్ప్రూస్ అనేది టాప్‌కి వాడే చెక్క). ఉత్తి ‘స్ప్రూస్’ అని వదిలేస్తే లామినేట్ అనే అనుకోండి. సాలిడ్ టాప్ వేసి ఆ మాట రాయకుండా ఏ కంపెనీ ఊరుకోదు, ధర పెరిగేదే అక్కడ. యమహాలో ఎఫ్‌జీ800, ఫెండర్‌లో సీడీ-60ఎస్, కోర్ట్‌లో ఎర్త్ 70 సాలిడ్ టాప్‌వి. బడ్జెట్ సాగదీయగలిగితే ఆ వైపు సాగదీయండి, రంగు కోసం మాత్రం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

షాపులో కనుక్కోవడం ఇలా. నేచురల్ రంగు గిటార్ టాప్ మీద సన్నటి నిలువు గీతలుంటాయి, చెట్టు ఏడాదికొకటి చొప్పున వేసుకున్నవి. సౌండ్‌హోల్ (టాప్ మీది గుండ్రటి రంధ్రం) అంచు మీద ఫోన్ టార్చి వేసి, ఒక గీతని ఎంచుకుని దాని వెంటే అంచు దాకా రండి. సాలిడ్ అయితే ఆ గీత అంచు మందంలోంచి కిందకి దిగుతుంది. లామినేట్ అయితే అంచు దగ్గర తెగిపోతుంది, మందంలో పొరలు అడ్డంగా చారల్లా కనిపిస్తాయి, మధ్య పొర రంగు కూడా వేరుగా ఉంటుంది.

సన్‌బర్స్ట్‌లో తరచూ ఆ అంచుకి కూడా ముదురు రంగు పూసేస్తారు. అప్పుడు సౌండ్‌హోల్‌లోకి చిన్న అద్దం పెట్టి టాప్‌ని లోపలి నుంచి చూడాలి. పైన కనిపించిన గీతల వరుస, వాటి మధ్య ఎడం లోపల కూడా అలాగే ఉంటే ఒకే పలక. వెనక పలక సంగతీ అంతే: బయట ఒక మచ్చో సుడో కనపడి, లోపల సరిగ్గా అదే చోట దాని జాడ లేకపోతే లామినేట్.

నలుపు విషయంలో కళ్లని నమ్ముకోవడానికి లేదు. కొండపల్లి బొమ్మ మీద రంగు వేశాక కింద ఉన్నది తెల్లపొణికా మరొకటా అని చూపుతో చెప్పలేం కదా, ఇదీ అంతే. స్పెసిఫికేషన్ చదవాల్సిందే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గీతలు తిన్నగా, ఒకే ఎడంతో, రంగు తేడా లేకుండా ఉన్న పలకల్ని నేచురల్ ఫినిష్‌కి తీసి పెడతారు. చారలు, రంగు తేడాలు ఉన్నవి సన్‌బర్స్ట్‌కీ, ముదురు రంగులకీ వెళ్తాయి. దాన్ని పట్టుకుని ‘నలుపు గిటార్ అంటే రెండో రకం చెక్క’ అనేస్తారు. అది చూపుకి సంబంధించిన ఏరివేత, బిగువుకి సంబంధించింది కాదు. చార ఉన్నంత మాత్రాన స్ప్రూస్ పలక మోగడం మానదు. పైగా లామినేట్‌లో మీకు కనిపించేది పలచటి పై పొర ఒక్కటే. అది ఎంత అందంగా ఉన్నా శబ్దం గురించి చెప్పేది ఏమీ లేదు. కాబట్టి ఈ నాలుగింటిలో మీ చెల్లికి నలుపు నచ్చితే, చెక్క లెక్కన వద్దనడానికి కారణం నాకు కనపడటం లేదు.

---

ఆరు_తీగలు జవాబు:

మ్యాట్, గ్లాసీ, సౌండ్ గురించి.

టాప్ పలక మందం సుమారు 2.5 నుంచి 3 మి.మీ. ఉంటుంది. దాని మీద ఫినిష్ ఎంత మందంగా ఉంటే అంత బరువు, అంత బిరుసు, కదలిక అంత తగ్గుతుంది. ఇంతవరకు నిజమే. కానీ మెరుపుకీ మందానికీ ముడిపెట్టకూడదు. పై తరగతి గిటార్లలో గ్లాసీ ఫినిష్ మొత్తం 0.15 మి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది. చవక గిటార్ల మీద శాటిన్ అయినా దళసరిగా కొట్టి ఉండొచ్చు.

శాటిన్ మెరవకపోవడానికి కారణం చివరి పూతలో కలిపే సిలికా లాంటి పొడి. అది ఉపరితలాన్ని కంటికి కనపడనంత గరుకుగా ఉంచి వెలుతురుని చెల్లాచెదురు చేస్తుంది. గ్లాసీకైతే ఆ పొడి ఉండదు, ఆరాక సాండింగ్ చేసి బఫ్ కొట్టాలి, ఆ పనికి మనిషీ గంటలూ కావాలి. శాటిన్‌కి ఆ ఖర్చు తప్పుతుంది. తక్కువ ధర మోడళ్లలో శాటిన్ ఎక్కువగా కనిపించడానికి సౌండ్ కంటే ఇదే పెద్ద కారణం.

ఓపెన్ పోర్ అంటే చెక్క రంధ్రాల్ని ఫిల్లర్‌తో పూడ్చకుండా పలచగా ఫినిష్ కొట్టడం. స్ప్రూస్ మెత్త జాతి చెక్క, దానికి ఆ రంధ్రాలే లేవు. ఏడీ810 ఓపీ టాప్ మీద కాకుండా వెనకా పక్కలా ఉన్న మహాగని మీద చూడండి, సూదితో గీసినట్టు చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. అవే పోర్స్. చూడ్డానికి బాగుంటుంది, పలచగానూ ఉంటుంది. అయితే వాటిలో దుమ్ము, చేతి జిడ్డు చేరతాయి, కుంచెలాంటి మెత్తటి బ్రష్‌తో అప్పుడప్పుడు దులపాలి.

ఇక ఫినిష్‌కి వాడే పదార్థాలు, నైట్రో, పాలీ. మన కార్పెంటర్లు డూకో అనీ ఎన్‌సీ లాకర్ అనీ పిలిచేది నైట్రోసెల్యులోజ్. 1920ల్లో కార్లకి కొట్టిన డూకో పెయింట్ ఆ జాతిదే. ఖరీదైన గిటార్ల మీద నేటికీ వాడతారు. పలచగా వస్తుంది, కాలంతో తేనె రంగుకి తిరుగుతుంది, చల్లదనం నుంచి వేడికీ వేడి నుంచి చల్లదనానికీ ఒక్కసారిగా మారితే సన్నటి బీటలు తీస్తుంది. రబ్బరు స్టాండు మీద రోజుల తరబడి ఆనించి ఉంచితే మెత్తబడి మచ్చ పడుతుంది. మీ బడ్జెట్‌లో వచ్చేవన్నీ పాలీయురేతేన్ లేదా పాలియెస్టర్, వాటికి ఈ బాధలు దాదాపు లేవు. 12,000 గిటార్‌కి ‘నైట్రో ఫినిష్’ అని ఎవరైనా చెబితే ఆ మాటకి డబ్బులు ఇవ్వకండి.

ఒకే మోడల్‌లో ఫినిష్ మారితే వచ్చే తేడా కన్నా తీగల సెట్ మారిస్తే వచ్చే తేడా ఎక్కువ. షాపులో వేలాడే గిటార్‌కి తుప్పు పట్టిన తీగలుంటే రెండు గిటార్లని పోల్చడమే దండగ. కొత్త సెట్ వేసి వినిపించమని అడగండి, ఆ సెట్ డబ్బులు మీరే ఇస్తానన్నా నష్టం లేదు.

---

కృష్ణలంక జవాబు:

పైన ఇద్దరూ బాడీ గురించే చెప్పారు. మన ఊళ్లలో ఫినిష్ ఇబ్బంది పెట్టేది నెక్ (ఎడమ చేత్తో పట్టుకునే పొడుగు భాగం) దగ్గర అండీ. ఏప్రిల్, మే నెలల్లో అరచేయి తడిగా ఉంటుంది. గ్లాసీ నెక్ మీద బొటనవేలు జారదు, అతుక్కుని ఆగి ఆగి కదులుతుంది. నేర్చుకునేవాళ్లు ఒక కార్డ్ (కలిపి మీటే స్వరాల గుంపు) నుంచి ఇంకో కార్డ్‌కి వెళ్లేటప్పుడు చేయి పట్టేసినట్టు అనిపిస్తే తమదే తప్పు అనుకుంటారు. బాడీ ఏదైనా సరే, నెక్ వెనక భాగం మ్యాట్‌గా ఉన్నది తీసుకోండి. బాడీ గ్లాసీగా, నెక్ మ్యాట్‌గా వచ్చే మోడళ్లు ఉంటాయి. షాపు ఏసీలో చేయి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ తేడా తెలియదు. బయట అయిదు నిమిషాలు నిలబడి వచ్చి అప్పుడు పట్టుకుని చూడండి.

నల్ల శాటిన్ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. కుడి ముంజేయి ఆనే చోట, ఛాతీకి తగిలే వెనక పలక మీద, నెక్ మీద రోజూ రాపిడి పడి ఆ గరుకుతనం అరిగిపోతుంది. ఏడాదో రెండేళ్లో గడిచేసరికి అక్కడ నూనె రాసినట్టు మెరిసే మచ్చలు తేలతాయి. నేచురల్ శాటిన్‌లోనూ వస్తాయి గానీ అంతగా కనపడవు, నలుపు మీద దూరం నుంచే తెలిసిపోతాయి. వాటిని వెనక్కి తేలేం. మెరుపు పోవాలని పాలిష్ పెట్టి రుద్దితే మచ్చ ఇంకా పెద్దదవుతుంది. శాటిన్ గిటార్‌కి పాలిష్ అసలు వద్దు, కొద్దిగా తడిపిన మెత్తటి కాటన్ గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ, అంతే.

నల్ల గ్లాసీకి ఇంకో రకం తంటా: వేలిముద్రలు, గుడ్డతో తుడిచిన గుండ్రటి గీతలు అన్నీ కనిపిస్తాయి.

సన్‌బర్స్ట్ ఈ విషయంలో తెలివైన రంగు. ముంజేయి ఆనేదీ దెబ్బలు తగిలేదీ అంచులకి, అక్కడ ముదురు రంగు ఉంటుంది. నన్నడిగితే ఈ నాలుగింటిలో పదేళ్ల తర్వాత కూడా చూడ్డానికి బాగుండేది అదే.

నేచురల్ స్ప్రూస్ వెలుతురుకి రంగు తిరుగుతుంది. నూజివీడు వీణల పనస చెక్క పసుపు నుంచి గోధుమ రంగుకి మారినట్టు, ఇది పాలరంగు నుంచి తేనె రంగుకి వస్తుంది. అందంగానే ఉంటుంది, కానీ స్టిక్కర్లు అంటిస్తే తీశాక వాటి ఆకారం తెల్లగా మిగిలిపోతుంది. కిటికీ ఎదురుగా గోడకి వేలాడదీస్తే ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ రంగు వస్తుంది.

ఫినిష్‌ని పాడుచేసే ఇంటి సామాన్లలో ముందు చెప్పాల్సింది దోమల మందు. డీట్ అనే రసాయనం ఉన్న క్రీమో స్ప్రేనో చేతికి రాసుకుని అదే చెయ్యి గిటార్ మీద ఆనిస్తే ఫినిష్ మెత్తబడి జిగురుగా తయారవుతుంది, చర్మం గుర్తులు అచ్చుపడతాయి. సాయంత్రం మేడ మీద వాయించేవాళ్లు ముంజేతికి పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మేలు. కారు పాలిష్, ఫర్నిచర్ స్ప్రే కూడా వద్దు. వాటిలో సిలికాన్ ఉంటే చిన్న పగుళ్లలోకి దిగి, రేపు రిపేరు చేయాల్సి వస్తే కొత్త ఫినిష్ అక్కడ పట్టుకోదు.

---

బ్రోడీపేట రాశారు:

చాలా థాంక్స్ అండీ అందరికీ. ఆ అరిగే మచ్చల ఫొటోలు వెతికి చెల్లికి చూపించాను, నలుపు వదిలేసింది. ఇప్పుడు ఎఫ్310 సన్‌బర్స్ట్‌కీ కోర్ట్ ఓపెన్ పోర్‌కీ మధ్య ఆగాం. అదే మోడల్ రెండు మూడు పీసులు షాపులో ఉంటే వాటిలో ఒకదాన్ని ఎలా ఏరుకోవాలి? ఫినిష్‌లో ఏ లోపం వదిలేయొచ్చు, ఏది చూసి వెనక్కి ఇచ్చేయాలి? కొన్నాక గుంటూరుకి బస్సులోనే తీసుకెళ్లాలి.

---

చెక్కపని జవాబు:

పై నుంచి లైటు పడితే ఏ గిటార్ అయినా నున్నగానే కనిపిస్తుంది. టార్చిని టాప్‌కి దాదాపు ఆనించి, వెలుతురు పలక మీదుగా పక్కకి పాకేలా పట్టండి. అప్పుడు గుంటలు, ఉబ్బులు, దుమ్ము రేణువులు, నారింజ తొక్కలాంటి గరుకు, కారి గడ్డకట్టిన చుక్కలు అన్నీ నీడలు వేస్తాయి. నెక్ బాడీని కలిసే మూల, ఫ్రెట్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే పట్టీ) చివర టాప్ మీద ఆనే చోటు, బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే చెక్క ముక్క) చుట్టూ: ఫినిష్ పోగుపడేవి ఈ మూడు చోట్లే. అక్కడ కొంచెం కారి ఉంటే వదిలేయండి. బఫ్ ఎక్కువై అంచు దగ్గర రంగు పలచబడి చెక్క తొంగి చూడటం సన్‌బర్స్ట్‌లో జరుగుతుంది, అది కూడా చూపుకి మాత్రమే లోటు.

వెనక్కి ఇచ్చేయాల్సినవి వేరు. బ్రిడ్జ్ వెనక అంచు కింద ఒక పలచటి కాగితం ముక్క దూర్చి చూడండి. లోపలికి దిగితే బ్రిడ్జ్ లేస్తోందన్నమాట. చాలాసార్లు దీనికి మూలం ఫినిష్‌లోనే ఉంటుంది. బ్రిడ్జ్ కింద ఫినిష్‌ని పూర్తిగా గీకి చెక్కకి చెక్క అంటించాలి. అంచుల్లో గీకకుండా ఫినిష్ మీదే అంటిస్తే జిగురు పట్టేది ఆ ఫినిష్‌కి, చెక్కకి కాదు. తీగల లాగుడికి అది మెల్లగా విడిపోతుంది. బయట గిటార్ తళతళలాడుతూనే ఉంటుంది.

నెక్ బాడీకి కలిసే హీల్ దగ్గర వెంట్రుకంత గీత కనిపించవచ్చు. అది ఫినిష్ పగులా, అతుకు విడిపోవడమా అని తేల్చుకోవాలి. ఒక చేత్తో బాడీ పట్టుకుని రెండో చేత్తో హెడ్‌స్టాక్‌ని (నెక్ చివరి తల భాగాన్ని) కొద్దిగా వెనక్కీ ముందుకీ నొక్కండి, గీత మీదే కన్ను పెట్టండి. గీత వెడల్పు మారకపోతే ఫినిష్ పగులు, పరవాలేదు. తెరుచుకుని మూసుకుంటే ఆ పీసు వద్దు.

బ్రిడ్జ్ వెనక టాప్ మీద ఒక స్కేలు అడ్డంగా నిలబెట్టండి. మధ్యలో కొద్దిగా ఉబ్బు ఉండటం మామూలే. స్కేలు ఇటూ అటూ బాగా ఊగేంత ఉబ్బి, సౌండ్‌హోల్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య గుంట పడి ఉంటే తేమకి లొంగిన గిటార్ అది.

ఫ్రెట్‌బోర్డ్ మీద తడి తెల్లగుడ్డతో ఒక్కసారి తుడవండి, షాపువాళ్లని అడిగి. గుడ్డకి నలుపు అంటితే లేత రంగు చెక్కకి రంగు వేశారన్నమాట. వాయించడానికి అడ్డు కాదు, కానీ ఎబొనీ (సహజంగానే నల్లగా ఉండే చెక్క) అని చెప్పి అమ్మితే ఒప్పుకోవద్దు. అంచు వెంట వేలు పోనివ్వండి, ఫ్రెట్ల (అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) చివర్లు గుచ్చుకుంటే చెక్క ఎండి ముడుచుకుంది.

బాడీ అంచు వెంట ఉండే బైండింగ్ పట్టీనీ, సౌండ్‌హోల్ చుట్టూ ఉన్న రోజెట్‌నీ గోటితో తాకి చూడండి. నిజంగా గాడి తీసి పొదిగినవైతే టార్చి వెలుగులో అంచు గీత కనిపిస్తుంది, లేకపోతే అది స్టిక్కరో రంగో. బైండింగ్ ఉన్నది అందానికే కాదు. టాప్ అంచుల్లో చెక్క నార చివర్లు బయటికి తెరుచుకుని ఉంటాయి, తేమ ఎక్కువగా లోపలికి వెళ్లేది అక్కడినుంచే. బైండింగ్ ఆ చివర్లని మూసేస్తుంది, గోడకి తగిలినా దెబ్బ తను తింటుంది.

ఇవన్నీ అయ్యాక 12వ ఫ్రెట్ దగ్గర స్కేలుతో తీగ ఎత్తు కొలవండి. లావు తీగ కింద 2.5 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. ఉంటే చెల్లికి వేళ్లు నొప్పి పుట్టవు. 3 దాటితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) దించాలి. 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగు నుంచి 1 మి.మీ. అరగదీయాలి, పై నుంచి కాదు. కొనేముందే ఈ పని చేయించమనండి. ఒకేలాంటి మూడు పీసుల్లో రంగు తక్కువ అందంగా ఉన్నదానికి ఎత్తు సరిగ్గా ఉంటే నేను అదే తీసుకుంటాను.

---

తీగ_సవ్వడి జవాబు:

ఒక చిన్న మాట. బంగారు రంగు ట్యూనింగ్ కీలు ఉన్నవి తీసుకోకండి. ఆ పూత చాలా పలచన, చెమట చేతులకి త్వరగా పోయి కింద తెల్ల లోహం కనిపిస్తుంది. క్రోమ్ కీలు మన తేమకి బాగా ఆగుతాయి. పిక్‌గార్డ్ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం ఉంటే తీసేయండి, దాన్నలా ఉంచేస్తే దాని అంచుల్లో మట్టి చేరి అసహ్యంగా అవుతుంది.

---

కృష్ణలంక జవాబు:

బస్సు సంగతి. గిటార్‌ని కింద డిక్కీలో వేయొద్దు, పైకి తెచ్చుకుని మోకాళ్ల మధ్య నిలబెట్టుకోండి. ఎండలో తలుపులేసిన కారు లోపల 60 డిగ్రీలు దాటగలదు, బస్సు డిక్కీ కూడా బాగా కాగుతుంది. బ్రిడ్జ్‌నీ లోపలి బ్రేసులనీ (టాప్‌కి ఊతమిచ్చే చెక్క బద్దలని) పట్టుకున్న మామూలు చెక్క జిగురు ఆ దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలవుతుంది, పైన తీగలు లాగుతూనే ఉంటాయి. ఎండాకాలంలో ప్రయాణం అయితే ఒక్కో తీగని రెండు శ్రుతుల దాకా (అంటే రెండు ఫ్రెట్లంత) కిందికి వదులు చేయండి.

ఇంట్లో గది తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే గిటార్‌కి సుఖం. వానల్లో మనకి అంతకన్నా బాగా పైన ఉంటుంది, అప్పుడు బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసి జిప్పు మూసి ఉంచండి. లామినేట్ టాప్ కాబట్టి సాలిడ్ అంత తొందరగా ఉబ్బదు, మొదటి గిటార్‌కి అది ఒక సౌకర్యమే. ఓపెన్ పోర్ తీసుకుంటే మాత్రం వాయించాక చెమట తుడవడం మర్చిపోవద్దు, పలచటి ఫినిష్ తేమని గ్లాసీ అంత ఆపదు.

---

ఆరు_తీగలు జవాబు:

ఎఫ్310 సన్‌బర్స్టే తీసుకుని, వేసవిలో నెక్ అతుక్కుంటున్నట్టు అనిపిస్తే ఇంట్లో సరిచేసుకోవచ్చు. వారంటీ ఉన్నన్నాళ్లూ ముట్టుకోకండి.

హార్డ్‌వేర్ షాపులో బూడిద రంగు స్కాచ్‌బ్రైట్ అడగండి. ఎరుపు మరీ గరుకు, గిన్నెలు తోమే ఆకుపచ్చది అసలే వద్దు, లోతు గీతలు పడతాయి. 0000 నంబరు స్టీల్ ఊల్ కూడా పనిచేస్తుంది, కాకపోతే దాని ఇనుప పొడి పికప్ (తీగల కదలికని కరెంటు సంకేతంగా మార్చే పరికరం) ఉన్న గిటార్లలో అయస్కాంతాలకి అంటుకుంటుంది కాబట్టి సౌండ్‌హోల్ మూసి చేయాలి.

హీల్ మొదలయ్యే చోట, హెడ్‌స్టాక్ మొదలయ్యే చోట, ఫ్రెట్‌బోర్డ్ పక్క అంచుల పొడుగునా మాస్కింగ్ టేపు అంటించండి. లేకపోతే మ్యాట్‌కీ గ్లాసీకీ మధ్య సరిహద్దు వంకరగా వచ్చి రోజూ కంటికి గుచ్చుతుంది. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి హీల్ దాకా నెక్ పొడుగునే రుద్దాలి, అడ్డంగా గానీ గుండ్రంగా గానీ వద్దు. గట్టిగా నొక్కక్కర్లేదు. ఇరవై సార్లు రుద్ది, కొద్దిగా తడిగుడ్డతో పొడి తుడిచి, వెలుతురుకి పట్టి చూడండి. ఇంకా మెరిసే చోట్ల మాత్రమే మళ్లీ రుద్దండి. మెరుపు అంతటా ఒకేలా చచ్చిపోగానే ఆపేయాలి, చెక్క దాకా వెళ్లకూడదు. తర్వాత నూనె, మైనం ఏమీ రాయొద్దు. ఏడాదిలో రాపిడికి మళ్లీ మెరుపు వస్తుంది, అప్పుడు ఇదే పని పది నిమిషాలు చేస్తే చాలు.